దొంగ వైఫై: సైనిక స్థావరంలో ఎలా పుడుతుంది, ఎలా పట్టుకోవాలి

2023లో అమెరికా నౌకాదళానికి చెందిన యూఎస్ఎస్ మాంచెస్టర్ అనే యుద్ధనౌక పసిఫిక్‌లో విధులకు వెళ్లింది. బయల్దేరేముందే అందులోని చీఫ్ పెట్టీ ఆఫీసర్లు కొందరు తలా కొంత వేసుకుని స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్ కొని, పై డెక్ మీద గుట్టుగా బిగించారు. ఉక్కు గోడలు దాటి సిగ్నల్ లోపలి గదులకు అందకపోతే, దారిలో రిపీటర్లు (సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే పెట్టెలు), కేబుళ్లు తెచ్చి తగిలించారు. నెట్‌వర్క్ పేరు 'స్టింకీ'. ఆ పేరు మామూలు నావికుల ఫోన్లలో కనబడుతూనే ఉంది. కొందరు అడిగారు, కాగితం మీద రాసి ఫిర్యాదు కూడా పెట్టారు. ఓడలో వెతికించినా పరికరం దొరకలేదు. ఈలోగా నెట్‌వర్క్ పేరును ఒక ప్రింటర్ పేరులా మార్చేశారు, ఆ ఓడలో వైర్‌లెస్ ప్రింటర్లే లేకపోయినా. ఆగస్టు 18న, అధికారికంగా మంజూరైన మరో ఉపగ్రహ పరికరాన్ని బిగించడానికి వచ్చిన ఒక సివిలియన్ ఉద్యోగి కంట్లో ఆ డిష్ పడింది. వ్యవహారం నడిపినది ఓడలోని ఎన్‌లిస్టెడ్ (అధికారి హోదా లేని) సిబ్బందిలో అందరికంటే పై స్థాయిలో ఉన్న వ్యక్తి. 2024 మార్చిలో కోర్టు మార్షల్ ఆ వ్యక్తి హోదా తగ్గించింది.

కంచే చేను మేసింది కాబట్టి ఈ కేసు అందరికీ గుర్తుండిపోయింది. రక్షణ పనిలో ఉన్నవాళ్లు ఇందులో చూడాల్సింది ఇంకొకటి ఉంది. సిగ్నల్ దాక్కోలేదు. నెలల తరబడి గాల్లో తన పేరు తానే చెప్పుకుంటూనే ఉంది. దాన్ని చూసినవాళ్లు ఉన్నారు, అనుమానించినవాళ్లు ఉన్నారు. చూసిన విషయం తేల్చగలిగే మనిషి దాకా చేరే దారి లేదు. అనుమతి లేని నెట్‌వర్క్‌ల గురించి జరిగే చర్చంతా సాధారణంగా ఏ సెన్సర్ కొనాలి అన్న దగ్గరే ఆగిపోతుంది. సెన్సర్ కావాలి, కాదనను. గాలి, తీగ, కన్ను, మనుషుల మాట, ఈ నాలుగూ ఒకేచోట కలిస్తే తప్ప పట్టు దొరకదు.

ఏవి దొంగ నెట్‌వర్క్‌లు?

అన్నిటికంటే ప్రమాదం, అధికారిక నెట్‌వర్క్ గోడ సాకెట్‌కి ఎవరో తెచ్చి తగిలించిన చిన్న ఇంటి రౌటర్. అది తగిలిన క్షణం నుంచి ఫైర్‌వాల్, గేటు, కాపలా అన్నీ దాటి లోపలి నెట్‌వర్క్ ప్రహరీ బయటికి ప్రసారమైపోతుంది. రెండోది ఫోన్ హాట్‌స్పాట్, సిమ్ కార్డుతో నడిచే రౌటర్, ఉపగ్రహ డిష్. ఇవి అధికారిక నెట్‌వర్క్‌ని తాకవు. కానీ ఒక అధికారిక ల్యాప్‌టాప్ తీగతో లోపలి నెట్‌వర్క్‌లోనూ, వైఫైతో ఈ హాట్‌స్పాట్‌లోనూ ఒకేసారి ఉంటే రెండు లోకాల మధ్య వంతెన పడినట్టే. మూడోది ఆ ల్యాప్‌టాపే ఇంటర్నెట్ షేరింగ్ ఆన్ చేసుకుని తానే యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై ప్రసారం చేసే పెట్టెగా, మారడం.

నాలుగో రకాన్ని ఎవరూ కావాలని పెట్టరు. కొత్త ప్రింటర్, సమావేశ గదిలో టీవీ, ప్రొజెక్టర్, నిఘా కెమెరా, ఏసీ నియంత్రణ పెట్టె, డ్రోన్ రిమోట్, ఇవన్నీ ఫ్యాక్టరీ నుంచే వైఫై ఆన్‌లో ఉండి వస్తాయి. ప్రింటర్‌ని తీగతో కలిపి పని మొదలుపెడతారు, ఫోన్లు నేరుగా చేరడానికి దానిలో ఉన్న వైఫై డైరెక్ట్ మాత్రం మూల కూర్చుని ప్రసారం చేస్తూనే ఉంటుంది. కొనుగోలు విభాగం రేడియో లేని మోడల్ అడగకపోతే, గోదాం నుంచి బయటికి ఇచ్చేముందే దాన్ని ఆపేసే పని ఎవరికీ అప్పగించకపోతే, స్కాన్‌లో తేలేవాటిలో చాలా భాగం ఇవే అవుతాయి.

ఐదోది బయటివాడి పని: అధికారిక నెట్‌వర్క్ పేరే పెట్టి, కంచె అవతల బలమైన సిగ్నల్‌తో నిలబెట్టిన నకిలీ. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ప్రధానంగా పేరు చూసే చేరతాయి. అవతలిది అసలు నెట్‌వర్కేనా అని దాని డిజిటల్ సర్టిఫికెట్ సరిచూసుకునే అమరిక లేని పరికరం ఆ నకిలీకి తన లాగిన్ వివరాలు అప్పగించేస్తుంది.

మొదటి మూడు రకాలు పెట్టేవాళ్లలో శత్రువులు అరుదు. బ్యారక్‌లో సిగ్నల్ రాక ఇంటికి వీడియో కాల్ చేసుకోలేని జవాను, స్టోర్ గదిలో బార్‌కోడ్ స్కానర్‌కి నెట్ అందక విసిగిపోయిన గుమాస్తా, పని గడువు మీద పడుతున్న కాంట్రాక్టర్, వీళ్లే. అందుకే బెదిరింపుతో ఇది పోదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

కంచె రేడియోకి అడ్డం కాదు

వైఫై వంద మీటర్లలోపే అందుతుంది అనే మాట ఫోన్ యాంటెనాకి వర్తిస్తుంది. వినేవాడి చేతిలో దిశ యాంటెనా ఉంటే ఆ లెక్క పనికిరాదు. 2018 ఏప్రిల్‌లో ది హేగ్ నగరంలో రసాయన ఆయుధాల నిషేధ సంస్థ కార్యాలయం పక్కనున్న హోటల్ పార్కింగ్‌లో ఒక అద్దె కారు నిలిపారు. డిక్కీలో వైఫై పరికరాలు, యాంటెనా కార్యాలయం వైపు తిప్పి, పైన కోటు కప్పి ఉంది. రష్యా సైనిక గూఢచార సంస్థకు చెందిన నలుగురిని డచ్ అధికారులు పట్టుకుని వెనక్కి పంపారు, అక్టోబరులో ఫొటోలతో సహా బయటపెట్టారు. కార్యాలయం లోపలికి ఎవరూ వెళ్లలేదు.

2024 నవంబరులో భద్రతా సంస్థ వోలెక్సిటీ వెల్లడించిన మరో దాడిలో కారు కూడా అవసరం పడలేదు. 2022 నాటి ఘటన అది. ఏపీటీ28 అనే రష్యన్ ముఠాకి లక్ష్య సంస్థ ఉద్యోగుల పాస్‌వర్డ్‌లు దొరికాయి. ఇంటర్నెట్ మీద రెండో ధ్రువీకరణ అడగడంతో అవి పనిచేయలేదు. ఆ సంస్థ వైఫైకి మాత్రం పాస్‌వర్డ్ చాలు. దాంతో వాళ్లు దగ్గర్లోని ఇంకో సంస్థ కంప్యూటర్లలోకి చొరబడి, తీగ, వైఫై రెండూ ఉన్న యంత్రాన్ని వెతికి, దాని వైఫై కార్డుతో లక్ష్యం నెట్‌వర్క్‌లోకి వెళ్లారు. దాడి చేసినవాళ్లు వేల కిలోమీటర్ల దూరంలో కూర్చున్నారు. స్థావరం గోడకి ఆనుకుని ఉన్న అద్దె భవనాల గురించి, కాంట్రాక్టర్ల షెడ్ల గురించి ఆలోచించాల్సింది ఇక్కడే.

నెట్‌వర్క్‌లోకి ఎవరూ చొరబడకపోయినా నష్టం ఉంది. ప్రతి యాక్సెస్ పాయింట్‌కీ ఒక 48 బిట్ల చిరునామా ఉంటుంది. దాన్నే బీఎస్ఎస్ఐడీ అంటారు. పక్క నుంచి వెళ్లే చాలా ఫోన్లు ఆ చిరునామాని, తమ స్థానాన్ని కలిపి ఆపిల్, గూగుల్ లాంటి కంపెనీల స్థాన సమాచార కోశాలకి అందిస్తుంటాయి. మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో చూపించింది ఇదే: ఆపిల్ స్థాన సేవని ప్రశ్నిస్తూ పోతే, ఉక్రెయిన్ యుద్ధ ప్రాంతంలోకి వచ్చిన స్టార్‌లింక్ రౌటర్లు ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలాయో తెలిసిపోతోంది. బ్యారక్‌లో ఒక జవాను పెట్టుకున్న రౌటర్ రేపు ఆ దళంతోపాటు వేరే చోటికి వెళితే, దళం ఎటు కదిలిందో ఆ రౌటరే చెబుతుంది. నెట్‌వర్క్ పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి 'నోమ్యాప్' అని చేర్చితే ఆ రెండు కంపెనీలూ దాన్ని నమోదు చేయబోమంటున్నాయి. అనుమతి ఉన్న నెట్‌వర్క్‌లకి అది పెట్టడం మంచిదే, కానీ వినే మిగతావాళ్లు ఎవరూ దాన్ని పాటించాల్సిన పని లేదు.

గాల్లో వెతకడం

మొదట కావాల్సింది జాబితా. అనుమతి ఉన్న ప్రతి యాక్సెస్ పాయింట్‌కీ బీఎస్ఎస్ఐడీ, ఛానల్, భద్రతా రకం, ఏ భవనంలో ఏ గది, ఎవరి బాధ్యత, స్విచ్‌లో (నెట్‌వర్క్ తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెలో) ఏ పోర్ట్, ఇవన్నీ ఒక పట్టికలో ఉండాలి. ఈ పట్టిక లేకుండా చేసే స్కాన్‌లో రెండొందల పేర్లు వస్తాయి, ఏది మనదో ఏది కాదో తేలదు. ఒక యాక్సెస్ పాయింట్ నాలుగు పేర్లు ప్రసారం చేస్తే నాలుగు బీఎస్ఎస్ఐడీలు ఉంటాయి, రెండు బ్యాండ్లలో (పౌనఃపున్య పట్టీల్లో) అయితే ఎనిమిది. అన్నీ రాసుకోవాలి.

యాక్సెస్ పాయింట్ మామూలుగా 102.4 మిల్లీసెకన్లకి ఒకసారి బీకన్, అంటే 'నేనిక్కడున్నాను' అనే చిన్న ప్రకటన, పంపుతుంది. స్కాన్ చేసే రేడియో ఒక్కో ఛానల్ మీద కనీసం అంతసేపైనా ఆగాలి, 250 మిల్లీసెకన్లు ఆగితే రెండు బీకన్లు చిక్కుతాయి. ఇక్కడే చాలామంది తప్పుతారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 13, 5 గిగాహెర్ట్జ్‌లో దాదాపు 25, కలిపి 38 ఛానళ్లు అనుకుంటే ఒక చుట్టుకి పది సెకన్లు పడుతుంది. 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ పూర్తిగా తెరిచిన దేశాల్లో ఇంకో 59 ఛానళ్లు కలుస్తాయి, చుట్టుకి దాదాపు పాతిక సెకన్లు పడుతుంది. నడుస్తూ స్కాన్ చేసేవాడు పాతిక సెకన్లలో ఒక గది మొత్తం దాటేస్తాడు. కాబట్టి ప్రతి గది మధ్యలో ఒక నిమిషం నిలబడాలి, లేదా బ్యాండ్‌కి ఒక రేడియో చొప్పున మూడు అడాప్టర్లు పెట్టుకోవాలి. పాత సెన్సర్లకి 6 గిగాహెర్ట్జ్ వినబడదు. అవి 'ఏమీ లేదు' అని చూపిస్తే దాని అర్థం 'నాకు వినబడలేదు' అని మాత్రమే. సెన్సర్ మోడల్ ఏ బ్యాండ్లు వింటుందో నివేదిక మొదటి పేజీలోనే రాయించండి.

చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే ఉంటే అదీ పనికొస్తుంది, ఒక షరతుతో. ఆండ్రాయిడ్ 9 నుంచి ఏ యాప్ అయినా రెండు నిమిషాల్లో నాలుగుసార్లకి మించి వైఫై స్కాన్ చేయలేదు. తెర మీద అంకెలు పాతవే నిలిచి ఉంటాయి, మనం కొత్తవి అనుకుని ముందుకి పోతాం. ఆండ్రాయిడ్ 10 తర్వాత డెవలపర్ ఆప్షన్లలో ఈ పరిమితిని ఆపేసే మీట ఉంది. స్కాన్‌కి వాడే ఫోన్‌లో దాన్ని ఆపి బయల్దేరాలి. అసలు పనికి మాత్రం మానిటర్ మోడ్‌కి (గాల్లోని వైఫై సంకేతాలన్నీ వినే స్థితికి) వెళ్లగలిగే అడాప్టర్, కిస్మెట్ లాంటి స్కాన్ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. ఫోన్ యాక్సెస్ పాయింట్లనే చూపిస్తుంది. మానిటర్ మోడ్ వాటికి ఎవరు తగులుకున్నారో కూడా చూపిస్తుంది. అధికారిక ల్యాప్‌టాప్ చిరునామా తెలియని నెట్‌వర్క్ కింద కనబడితే ఆ రోజు పనులన్నిటికంటే అదే ముందు.

పేరు దాచిన నెట్‌వర్క్ కూడా బీకన్ పంపుతుంది, పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుందంతే. ఎవరైనా దానికి చేరేటప్పుడు ఆ పేరు బయటపడుతుంది. కాబట్టి దాచిన పేరు భద్రత ఇవ్వదు. పైగా సైనిక స్థావరంలో ఖాళీ పేరు కనబడితే అది వెంటనే చూడాల్సిన సంగతి. చిరునామా మొదటి 24 బిట్లు తయారీదారుని చెబుతాయి. అయితే ఎడమ నుంచి రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటి అయితే అది ఫ్యాక్టరీ ఇచ్చినది కాదు, పరికరం తనకు తాను పెట్టుకున్నది. ఫోన్ హాట్‌స్పాట్‌లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఒక యాక్సెస్ పాయింట్ అదనపు పేర్లకి కూడా అలాంటి చిరునామాలే వాడవచ్చు, అందుకే పట్టికతో పోల్చాకే నిర్ణయానికి రావాలి. నెట్‌వర్క్ పేరుని బట్టి మాత్రం ఎప్పుడూ ఏదీ తేల్చొద్దు. ప్రింటర్ పేరు కనబడితే ఆ గదిలో ఆ ప్రింటర్ ఉందో లేదో వెళ్లి చూడాలి.

స్కాన్ వేళ కూడా ముఖ్యమే. ఉదయం పదకొండింటికి కార్యాలయాల్లో తిరిగితే టీవీలూ ప్రింటర్లూ దొరుకుతాయి. హాట్‌స్పాట్‌లు రాత్రి భోజనాల తర్వాత బ్యారక్‌లలో లేస్తాయి. రాత్రి 9 నుంచి 12 లోపు ఒక చుట్టు, సెలవు రోజున ఒక చుట్టు లేని తనిఖీ సగం తనిఖీయే. కంచె వెలుపల రోడ్డు మీద వెళ్లే కార్లు, బస్సుల వైఫై కూడా వచ్చిపడుతుంది. పది నిమిషాలకి మించి నిలబడి, బలం మారకుండా ఉన్నవాటిని ముందు చూస్తే ఆ గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

చోటు పట్టడం

అడ్డంకులు లేనిచోట దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాంక్రీట్ గోడ ఒక్కటే పది, పదిహేను మింగుతుంది. కాబట్టి అంకె చూసి మీటర్లు లెక్కకట్టడం వృథా, పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే చూడాలి. సిగ్నల్ బలం (డీబీఎం అనే కొలతలో, సున్నాకి దగ్గరైన కొద్దీ ఎక్కువ) మైనస్ 80 దగ్గర మొదలై మైనస్ 50కి వచ్చాక నడక ఆపి, చిన్న దిశ యాంటెనా తీసి నెమ్మదిగా చుట్టూ తిప్పాలి. యాంటెనా లేకపోతే మన ఒళ్లే అడ్డుగోడ: పరికరాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుని నిలబడ్డచోటే గుండ్రంగా తిరిగితే, సిగ్నల్ బాగా పడిపోయిన క్షణంలో మూలం మన వీపు వెనక ఉన్నట్టు. ఇనుప షెడ్లు, వాహనాల మధ్య ఇది మోసం చేస్తుంది, ప్రతిబింబం అసలు సిగ్నల్‌లాగే బలంగా వస్తుంది. మూడు వేర్వేరు చోట్ల నుంచి దిశ తీసుకుని, గీతలు కలిసేచోట వెతకాలి. పైఅంతస్తు, కింది అంతస్తు మరవొద్దు, ఫాల్స్ సీలింగ్ అసలే మరవొద్దు. మైనస్ 35 దాటాక రిసీవర్ నిండిపోయి గదంతా ఒకటే బలం చూపిస్తుంది. అక్కడ సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ తగిలించాలి, లేదా యాంటెనా విప్పేసి ఉత్త కనెక్టర్‌తోనే వెతకాలి.

తీగ వైపు

గాల్లో దొరికింది మన నెట్‌వర్క్‌కి తగిలి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. జవాబు స్విచ్‌లో ఉంటుంది. చౌక రౌటర్లలో వైఫై చిరునామా, తీగ చిరునామా పక్కపక్క అంకెలుగా ఉండటం మామూలు, చివరి అంకెలో ఒకటో రెండో తేడా. గాల్లో చూసిన బీఎస్ఎస్ఐడీ చివరి అంకెకి అటూ ఇటూ నాలుగు అంకెల మేర స్విచ్‌ల మ్యాక్ (పరికరం చిరునామా) పట్టికల్లో వెతికితే పోర్ట్ నంబర్‌తో సహా చిక్కే అవకాశం బాగా ఉంది.

ఇంకొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. కార్యాలయ కంప్యూటర్ల నుంచి వచ్చే ప్యాకెట్ల టీటీఎల్ (ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గే అంకె) సాధారణంగా 64 గానీ 128 గానీ ఉంటుంది. ఒక పోర్ట్ నుంచి 63, 127 వస్తుంటే ఆ పోర్ట్ వెనక ఒక రౌటర్ కూర్చుని ఉండొచ్చు. ఒకే పోర్ట్ మీద రెండు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లు మాట్లాడుతున్నా అదే అనుమానం. పోర్ట్ ద్వారానే కరెంటు ఇచ్చే స్విచ్ అయితే వాట్ల పట్టిక చూడండి. నిన్నటిదాకా టేబుల్ ఫోన్‌కి నాలుగైదు వాట్లు ఇచ్చిన పోర్ట్ ఇవాళ పది వాట్లు ఇస్తుంటే అక్కడ ఏదో మారింది. ల్యాప్‌టాప్ ఐపీ చిరునామాలు కూడా మాట్లాడతాయి: 192.168.137.1 అనే గేట్‌వే కనబడితే ఏదో విండోస్ యంత్రం ఇంటర్నెట్ పంచుతోంది, 172.20.10తో మొదలైతే ఐఫోన్ హాట్‌స్పాట్.

అన్నిటికంటే తరచుగా కనిపించే లక్షణం భద్రతా విభాగానికి రాదు, కంప్యూటర్ రిపేరు వాళ్లకి వస్తుంది. ఎవరో ఇంటి రౌటర్‌ని వాన్ (బయటి నెట్‌వర్క్ కోసం ఉండే) పోర్ట్‌కి బదులు లాన్ (లోపలి నెట్‌వర్క్ కోసం ఉండే) పోర్ట్ ద్వారా గోడకి తగిలిస్తారు. అది ఆ అంతస్తులో అందరికీ తానే ఐపీ చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. పదిమందికి ఒక్కసారిగా నెట్ పోతుంది, వాళ్ల కంప్యూటర్లలో 192.168.0 లేదా 192.168.1తో మొదలయ్యే చిరునామాలు ఉంటాయి. రిపేరు చేసే అబ్బాయి కేబుల్ పీకి పెట్టి, 'సరైంది' అని రాసి వెళ్లిపోతాడు. ఈ లక్షణం కనబడితే భద్రతా విభాగానికి ఫోన్ చేయాలి అని అతనికి ఒక్క వాక్యం చెప్పి ఉంచితే ఎంతో మేలు.

నివారణకి స్విచ్‌లో చేయాల్సినవి తెలిసినవే. వాడని పోర్ట్‌లు మూసేయాలి, మిగతావాటికి 802.1ఎక్స్ (గుర్తింపు చూపాకే పోర్ట్ తెరిచే పద్ధతి) సర్టిఫికెట్‌తో పెట్టాలి, డీహెచ్‌సీపీ స్నూపింగ్ (అనుమతి లేని పరికరం ఐపీ చిరునామాలు పంచకుండా ఆపేది), బీపీడీయూ గార్డ్ (ఎవరో తెచ్చి తగిలించిన స్విచ్ కనబడితే పోర్ట్ మూసేది) ఆన్ చేయాలి, పోర్ట్‌కి ఒకే మ్యాక్ అనే పరిమితి పెట్టాలి. ఆ ఒకే మ్యాక్ పరిమితి ఒంటరిగా పనిచేయదు: ఇంటి రౌటర్ తన వెనకున్న పదిమందినీ ఒక్క మ్యాక్‌గానే చూపిస్తుంది, ల్యాప్‌టాప్ మ్యాక్‌ని నకలు చేసే మీట కూడా దానిలో ఉంటుంది. 802.1ఎక్స్‌లో కన్నం ఎక్కడంటే, సర్టిఫికెట్ పెట్టుకోలేని ప్రింటర్లు, కెమెరాల కోసం మ్యాక్ చూసి వదిలేసే మినహాయింపు. ఆ మినహాయింపు ఉన్న పోర్ట్‌లని వేరే వీలాన్‌లో (అదే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్‌లో) పెట్టి, ప్రింటర్ ఏ సర్వర్‌తో మాట్లాడాలో దానితో తప్ప ఇంకెక్కడికీ పోకుండా కట్టేయాలి. అధికారిక ల్యాప్‌టాప్‌లలో విండోస్ గ్రూప్ పాలసీ ద్వారా, తీగ తగిలి ఉండగా వైఫై పనిచేయకుండా చేయొచ్చు. ఏకకాల కనెక్షన్ల తగ్గింపు అనే అమరికలో విలువ 3 పెడితే చాలు. ఇంటర్నెట్ షేరింగ్‌ని నిషేధించే అమరిక కూడా అక్కడే ఉంది. పైసా ఖర్చు లేని ఈ రెండూ పెడితే ముందు చెప్పిన వంతెన పడదు.

కంటితో చూడడం

ఉపగ్రహ డిష్‌ని వైఫై సెన్సర్ వినలేదు. స్టార్‌లింక్ టెర్మినల్ ఆకాశానికి పంపేది 14 నుంచి 14.5 గిగాహెర్ట్జ్‌లో, అందుకునేది 10.7 నుంచి 12.7 గిగాహెర్ట్జ్‌లో. సెన్సర్‌కి వినబడేది దాని రౌటర్ వైఫై మాత్రమే. రౌటర్ వైఫై ఆపేసి తీగతో వాడుకుంటే గాల్లో ఏ పేరూ కనబడదు. కానీ డిష్‌కి విశాలమైన ఆకాశం కావాలి, కరెంటు కావాలి, లోపలికి ఒక కేబుల్ రావాలి. మేడ పైకప్పులు, నీళ్ల ట్యాంకుల వెనక, జనరేటర్ షెడ్లు, వాహనాల పైభాగాలు చూడాలి. కొత్తగా కిటికీ సందులోంచి లోపలికి దూరిన కేబుల్ కనబడితే దాని రెండో కొస దాకా వెళ్లాలి. నెలకోసారి పైకప్పు ఫొటోలు తీసి పాతవాటితో పోల్చడం అనే చాదస్తపు పనికి మించిన పరికరం దీనికి లేదు.

దొరికాక

రహస్య సమాచారం నడిచే నెట్‌వర్క్‌కి తగిలి ఉంటే ఆలస్యం లేకుండా నెట్‌వర్క్ కేబుల్ తీసేయాలి. కరెంటు మాత్రం అప్పుడే తీయొద్దు. ఎవరెవరు తగులుకున్నారో చెప్పే లాగ్‌లు ఈ చౌక పరికరాల్లో మెమరీలోనే ఉంటాయి, కరెంటు పోతే పోతాయి. రీసెట్ బటన్ జోలికి అసలే పోవద్దు. ముందు ఫొటోలు: పరికరం, దాని వెనక స్టిక్కర్, ఏ సాకెట్, చుట్టుపక్కల. తర్వాత సమయం, పోర్ట్ నంబర్, మ్యాక్, గాల్లో దానికి తగులుకుని ఉన్న పరికరాల జాబితా. మిగతాది దర్యాప్తు వాళ్ల పని. ఆ జాబితాలో అధికారిక ల్యాప్‌టాప్ ఒక్కటి ఉన్నా దాన్ని కూడా విడిగా పెట్టి పరీక్షకి పంపాలి. రౌటర్ తీసేశాం కదా అని ఊరుకోకూడదు.

సెన్సర్ వ్యవస్థల్లో 'కంటైన్‌మెంట్' అనే బటన్ ఉంటుంది. నొక్కితే అది డీఆథెంటికేషన్ ఫ్రేములు ('కనెక్షన్ తెంపు' అనే సందేశాలు) పంపి అవతలి నెట్‌వర్క్‌ని తెంపుతూ ఉంటుంది. దాని మీద ఆధారపడొద్దు. అలాంటి సందేశాల్లో నకిలీవాటిని తిరస్కరించే మేనేజ్‌మెంట్ ఫ్రేముల రక్షణ ఉన్న నెట్‌వర్క్‌ల మీద అది పనిచేయదు, కొత్త వైఫై భద్రతా ప్రమాణం డబ్ల్యూపీఏ3లో ఆ రక్షణ తప్పనిసరి. పైగా అది కంచె అవతలి పౌరుడి వైఫైని కూడా తెంపగలదు. 2014లో అమెరికాలో మ్యారియట్ సంస్థ తన హోటల్‌లో అతిథుల హాట్‌స్పాట్‌లని ఇలాగే తెంపినందుకు అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి 6 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. స్థావరం న్యాయ విభాగం రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ బటన్‌ని మూసే ఉంచాలి. వెళ్లి ప్లగ్ పీకడమే సరైన కంటైన్‌మెంట్.

మనుషుల సంగతి

ఏటా జరిగే అవగాహన శిక్షణలో అందరూ స్లైడ్లు నొక్కుకుంటూ పోతారు. పది స్లైడ్ల బదులు ఒక పనిచేసే అలవాటు నేర్పితే చాలు: తెలియని నెట్‌వర్క్ పేరు కనబడితే దానికి చేరకుండా, ఆ పేరు, సమయం, చోటు, సిగ్నల్ ఎన్ని గీతలు ఉందో రాసి పంపడం. ఫోన్ అనుమతి ఉన్న ప్రాంతమైతే ఒక స్క్రీన్‌షాట్. 'ఏముందో చూద్దామని ఒకసారి కనెక్ట్ అయ్యాను' అనే మాట మాత్రం రాకూడదు, అది నకిలీ నెట్‌వర్క్ అయితే వల వేసినవాడికి కావాల్సింది అదే.

ఆ ఫిర్యాదు ఎవరికి వెళ్లాలి అన్నది ఇంకా ముఖ్యం. ఒకే మనిషి బల్ల మీదుగా పోయే దారి ఏదైనా ఆ మనిషి దగ్గరే ఆగిపోవచ్చు. కనీసం ఇద్దరికి, అందులో ఒకరు ఆ యూనిట్ గొలుసులో లేని సైబర్ భద్రతా అధికారికి, ఒకేసారి చేరే పద్ధతి ఉండాలి. రాసినవాళ్లకి మూడు రోజుల్లో 'చూశాం, ఇది ఫలానా' అని జవాబు రావాలి. జవాబు రాకపోతే రెండోసారి ఎవరూ రాయరు.

ఫోన్లు, గడియారాల గురించి మాట్లాడేటప్పుడు భయపెట్టే మాటలకన్నా జరిగినవి చెప్పడం మేలు. 2017 నవంబరులో వ్యాయామ యాప్ స్ట్రావా విడుదల చేసిన వ్యాయామ పటంలో, ఎడారిలో ఉన్న స్థావరాల చుట్టూ సైనికులు పరిగెత్తిన దారులు వెలిగి కనిపించాయి. 2018 జనవరిలో లోకమంతా అది చూసింది, ఆ ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ ఆపరేషన్లు జరిగే ప్రాంతాల్లో స్థాన సమాచారం పంపే పరికరాల వాడకాన్ని ఆపేసింది. 2023 నూతన సంవత్సరం మొదటి నిమిషాల్లో, ఉక్రెయిన్‌లో రష్యా ఆక్రమణలో ఉన్న మకీవ్కాలో రష్యా సైనికులు బస చేసిన భవనం మీద క్షిపణులు పడ్డాయి. 89 మంది చనిపోయారని, సైనికులు మొబైల్ ఫోన్లు వాడటమే ప్రధాన కారణమని రష్యా రక్షణ శాఖ ప్రకటించింది. నింద కిందివాళ్ల మీద వేశారని రష్యాలోనే విమర్శలు వచ్చాయి. అంతమందిని ఒకే భవనంలో ఉంచిన నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న న్యాయమైనదే. అయినా ఒకేచోట వందల ఫోన్లు వెలిగితే గాల్లో కనబడతాయన్న మాట నిజం.

ఇక అవసరం సంగతి. జవాన్లకి ఇంటితో మాట్లాడుకునే దారి స్థావరమే ఇవ్వాలి. దీన్ని సౌకర్యాల ఖాతాలో రాసి వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు, ఇది భద్రతా ఖర్చే. అధికారిక నెట్‌వర్క్‌తో ఒక్క తీగ కూడా కలవని విడి ఇంటర్నెట్ కనెక్షన్, వేరే స్విచ్‌లు, వేరే రంగు కేబుళ్లు, ప్రతి మనిషికీ సొంత లాగిన్. యాక్సెస్ పాయింట్లు బ్యారక్ లోపలి గోడలకి, ప్రసార బలం తగ్గించి. నెట్‌వర్క్ పేరులో యూనిట్ పేరు, భవనం నంబర్ ఉండకూడదు. ఇది మొదలైన తర్వాత ఒక వారం గడువిచ్చి, సొంత రౌటర్లు, రిపీటర్లు అప్పగించినవాళ్ల మీద చర్య ఉండదని కమాండర్ సంతకంతో ప్రకటించాలి. ఆ వారం తర్వాత దొరికినవాటి మీద నియమాలు కచ్చితంగా అమలు చేయాలి, హోదా చూడకుండా.

రహస్య గదుల దగ్గర ఇవేవీ వర్తించవు, అక్కడ రేడియో ఉన్నది ఏదీ లోపలికి పోకూడదు. ఫోన్ పెట్టెలు తలుపుకి బయట ఉండాలి, లోపలి వసారాలో కాదు. చేతి గడియారం, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు, బ్లూటూత్ పెన్, కారు తాళం చెవి, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వినికిడి యంత్రం, చక్కెర కొలిచే సెన్సర్ లాంటి వైద్య పరికరాలు ఉన్నవాళ్లకి ముందే రాతపూర్వక అనుమతి ఇచ్చి ఉంచాలి. తలుపు దగ్గర కాపలా మనిషికీ ఆ ఉద్యోగికీ రోజూ వాదన పెట్టించకూడదు.

దొరికిన పరికరం తీసేసిన గదిలో మర్నాడు అదే వేళకి, అదే యాంటెనాతో మళ్లీ స్కాన్ చేయాలి. మొదటిది ఉన్నప్పుడు దాని బలమైన సిగ్నల్ కింద రెండోది కనబడకుండా ఉండొచ్చు. అదే పేరుతో రిపీటర్ ఇంకో గదిలో మిగిలి ఉండొచ్చు. వారం తర్వాత ఇంకొకసారి చూడాలి. ఆ గోడ సాకెట్‌కి సంబంధించిన స్విచ్ పోర్ట్‌ని మూసి, దాన్ని మళ్లీ తెరవడానికి ఎవరి సంతకం కావాలో పోర్ట్ వివరణలోనే రాసి పెట్టాలి.